ఎర్ర దీపం మీద ప్లాస్టర్

రక్తపరీక్షల ల్యాబ్‌లో నేను అమర్చిన సర్వర్ ఆగిపోయిందంటే పరుగెత్తుకొచ్చాను. రెండు డిస్కులూ చచ్చాయి. ఒకదాని మీద, డిస్కు పాడైందని చెప్పే ఎర్ర దీపం కనబడకుండా, గాయాలకు వేసే ప్లాస్టర్ అంటించి ఉంది. పీకితే జిగురూ దుమ్మూ ఒక ఈగ రెక్కా వేళ్లకు అంటుకున్నాయి.

"ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది?"

"నేనే, ఆర్నెల్ల కిందట," అంది ల్యాబ్ మేడమ్ తడుముకోకుండా. "మిణుకుమిణుకుమంటూ ప్రాణం తీసేది. పనేమీ ఆగలేదుగా, ఊరుకున్నాం."

"మూడేళ్ల రోగుల రిపోర్టులు గంగలో కలిశాయండీ!"

"ఒక డిస్కు పోయినా ఏం కాదని మీరే కదా అన్నారు?"

అన్నాను. చాలామంది రిపోర్టులకే రెండో డిస్కులో నకలు పెట్టి ఊరుకుంటారు. మెమొరీ చాలనప్పుడు సర్వర్ వాడుకునే చిత్తుకాగితం లాంటి జాగా ఒకటుంటుంది, స్వాప్ అంటారు. దాన్ని పట్టించుకోరు. అది ఉన్న డిస్కు పోతే సర్వర్ కుప్పకూలుతుంది. నేను దానికీ నకలు పెట్టి మీసం మెలేశాను.

పెట్టకపోయుంటే ఆర్నెల్ల కిందటే సర్వర్ కూలేది. ఆ రోజే నన్ను పిలిచేవారు. రెండో డిస్కులో రిపోర్టులన్నీ భద్రంగా ఉండేవి.

ఛీ, నా పనితనం పాడుగాను!