సంతకం వద్దన్నవాడు

చీరకు రాళ్లు అతికిస్తున్న పద్మారాణి తలెత్తేసరికి, గుమ్మం ముందు ఒక మనిషి చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు.

మామూలు చొక్కాలో ఉన్నా పోల్చుకుంది. కింది పెదవి మీద తెల్లమచ్చ. పదకొండు రోజుల కిందట ఖాకీ బట్టల్లో వచ్చి, తన భర్త కమలాకర్‌ను రెక్క పట్టుకుని జీపెక్కించింది ఇతనే.

ఆ రోజు కమలాకర్ మరమగ్గాల కార్ఖానాలో పని దిగి వచ్చి, స్నానానికి నీళ్లు తోడుకుంటున్నాడు. పోలీసులు ఇంట్లోకి చొరబడ్డారు. మంచం కిందనుంచి మందు సీసాలు బయటికి లాగారు.

గుజరాత్‌లో మందు అమ్మితే జైలే. సూరత్ శివారు డిండోలిలో వాళ్లుండే గల్లీ చివరి షెడ్డులో ఎవరు అమ్ముతారో, ఎవరి అండతో అమ్ముతారో అందరికీ తెలుసు. కానీ దాడి చేసినట్టు పైవాళ్లకు చూపించాలి. అందుకు ఒక పేరు కావాలి. చుక్క ముట్టని కమలాకర్ పేరు రాసుకున్నారు.

"సాహెబ్ ఒక కాగితం ఇస్తాడు బెహన్" అన్నాడు తెల్లమచ్చ మనిషి హిందీలో, అటూ ఇటూ చూస్తూ. "దాని మీద సంతకం పెట్టకు."

పద్మారాణికి ఒళ్లు మండిపోయింది.

"మా ఆయనను గుంజుకపోయింది నువ్వే. మళ్ల నాకు బుద్ధులు చెప్పవచ్చినవా?"

అతనికి తెలుగు రాదు. ఆమె ముఖం మాత్రం అర్థమైంది. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ కబురు పెట్టాడు.

కుర్చీ వేయించాడు. చాయ్ తెప్పించాడు. చెల్లెలిని పిలిచినట్టు 'బెన్' అని పిలిచాడు. గుజరాతీలో ఉన్న ఒక కాగితం ముందు పెట్టి, సీసాలు ఇంట్లోనే దొరికాయని మాత్రమే ఇందులో ఉందన్నాడు. సంతకం చేస్తే వారం లోపల మనిషి ఇంటికొస్తాడనీ, వకీలు కూడా అక్కర్లేదనీ చెప్పాడు.

సినిమాల్లో పద్మారాణి చూసిన పోలీసుల్లో, అన్యాయాన్ని ఎదిరించేవాడు ఎప్పుడూ ఇన్‌స్పెక్టరే. కానిస్టేబుళ్లు చేతులు చాచేవాళ్లు, లేకపోతే నవ్వించేవాళ్లు. అయినా ఎందుకో చేయి ఆడలేదు. ఒక్కరోజు ఆగమని అడిగి వచ్చేసింది.

సాయంత్రం కూరగాయల బండి దగ్గర ఆ మనిషి మళ్లీ ఎదురయ్యాడు.

"సంతకం పెట్టావా?"

లేదని తల ఊపింది.

"ఎనిమిది రోజులు ఓపిక పట్టు బెహన్. చాలు."

ఎనిమిది రోజుల తర్వాత ఏమవుతుందని అడిగింది. అతను గల్లీ మొదట్లో బైకు చప్పుడు వినిపించగానే జనంలో కలిసిపోయాడు.

పక్క గదిలో ఉండే గంగవ్వతో చెప్పుకుంది.

"మొగోడు ఇంట్ల లేడని తిరుగుతున్నడు బిడ్డా. జర పైలం. పెద్దసారు చెవుల ఎయ్యి, ఆయనే సూసుకుంటడు" అంది గంగవ్వ.

మర్నాడు పద్మారాణి పెద్దసారు చెవిలో వేసింది.

ఇన్‌స్పెక్టర్ రాస్తున్న కలం పక్కన పెట్టాడు. ఎన్నిసార్లు వచ్చాడు, ఏమన్నాడు, ఎన్ని రోజులు ఆగమన్నాడు, అన్నీ నెమ్మదిగా అడిగాడు. పేరేమిటన్నాడు. పేరు తెలియదంది. పెదవి మీది మచ్చ సంగతి చెప్పింది.

"ఇక రాడు బెన్" అన్నాడు.

ఆ మాటతో ఆమె గుండె కుదుటపడింది. సంతకం చేసింది.

అతను నిజంగానే రాలేదు. నాలుగో రోజు కిరాణా కొట్టు బల్ల మీద గుజరాతీ పేపర్లో అతని ఫొటో కనిపించింది. ఉధ్నా దగ్గర రైలు కింద పడ్డాడట. ఇంటి గొడవలతో విసిగిపోయాడని తోటి పోలీసులు చెప్పారట. కొట్టతను చదివి వినిపించాడు.

"నా ఉసురు తాకింది" అంది పద్మారాణి.

ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

వారం గడిచింది. కమలాకర్ రాలేదు. స్టేషన్‌లో ఇప్పుడు గేటు దగ్గరే ఆపేస్తున్నారు. ఎవరో చెబితే కోర్టుకు వెళ్లింది. అక్కడ ప్రభుత్వం తరఫున హారతి అనే వకీలును ఇచ్చారు. సూరత్‌లోనే పుట్టిన తెలుగు పిల్ల. తండ్రి కూడా మగ్గాల మీద బతికినవాడే.

బెయిలు విచారణ పది నిమిషాల్లో ముగిసింది. భార్యే ఒప్పుకుని సంతకం చేసిందిగా అన్నాడు అవతలి వకీలు. జడ్జి కాగితం చూసి బెయిలు ఇవ్వనన్నాడు. పోలీసులు తీసుకెళ్తుంటే కమలాకర్ ఆమె వైపు ఒక్కసారి చూశాడు.

వరండాలో పద్మారాణి గోడకు ఆనుకుని కూలబడింది. హారతి ఆమె పక్కనే కూర్చుని ఫైలు తిరగేసింది.

"సంతకం ఎందుకు పెట్టినవక్కా?" అంది. తర్వాత ఫైలు అడుగున ఉన్న ఒక కాగితం తీసింది. పోస్టులో జడ్జి పేరున వచ్చిన ఉత్తరం. రాసినవాడు వచ్చి చెప్పందే చెల్లదని పక్కన పెట్టేశారు. గుజరాతీలో ఉన్నదాన్ని తెలుగులో చెప్పింది.

కమలాకర్ ఇంట్లో మందు లేదు. బయటినుంచి తెచ్చి పెట్టారు. నా కళ్లతో చూశాను. పెట్టించినవాళ్ల పేర్లు కోర్టులో నిలబడి చెబుతాను. ఎనిమిది రోజుల్లో నా సాక్ష్యం తీసుకోండి.

పద్మారాణి ముఖంలోకి ప్రాణం వచ్చింది. హారతి చేయి పట్టుకుంది.

"ఎవరు బిడ్డా ఆ దేవుడు? యాడుంటడో చెప్పు. పోయి కాళ్లు మొక్కుత, తోలుకొస్త."

హారతి కాగితాన్ని జాగ్రత్తగా మళ్లీ ఫైల్లో పెట్టింది.

"ఉధ్నా దగ్గర రైలు కింద పడ్డ కానిస్టేబులక్కా" అంది.