గట్టు లాయరు తొలి వాయిదా

బస్సు దారి మధ్యలో ఆగిపోయింది.

డ్రైవరు దిగి చూసి టైరు పోయిందన్నాడు. ఇంకో టైరు తేవడం మరిచానని నాలుక కరుచుకున్నాడు.

అందరూ దిగి నీడ వెతుక్కున్నారు. ఒక్క ఆ అమ్మాయి మాత్రం నల్లకోటు చంకన పెట్టుకుని నడక మొదలుపెట్టింది. నడక అన్నది మాట వరసకే, నిజానికది పరుగు.

ఆ రోజు ఆమెకు తొలి వాయిదా.

లా కాలేజీలో తోటివాళ్లంతా కంపెనీల కేసులని, పన్నుల కేసులని ఎగబడితే ఆమె వ్యవసాయ చట్టాలు పట్టుకుంది. కౌలు హక్కులు, నీటి వాటాలు, సరిహద్దు తగాదాలు కథల పుస్తకం చదివినంత ఇష్టంగా చదివింది. స్నేహితులు "గట్టు లాయరు" అని పేరు పెట్టి ఏడిపించారు. ఆ పేరు ఆమెకు తెగ నచ్చింది. చదువు అవగానే పల్లెల మధ్య ఒక చిన్న ఊళ్లో, విత్తనాల కొట్టు పక్కన గది అద్దెకు తీసుకుని బోర్డు కట్టింది.

ఇన్నాళ్లకు ఒక కేసు ఆ గది గడప తొక్కింది.

వెనక నుంచి ట్రాక్టరొకటి వచ్చి పక్కన ఆగింది. తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన కిందికి చూశాడు.

"కోర్టుకేనా తల్లీ?"

"అవును బాబాయ్. పిలిచే వేళకి నేను లేకపోతే కేసు కొట్టేస్తారు."

"ఎక్కు. నేనూ అటే."

మడ్‌గార్డు మీద సర్దుకుని కూర్చుంది. కుదుపులకు పళ్లు టకటకలాడుతున్నా మొహం వెలిగిపోతోంది.

"కేసేంటి?"

అడగడమే తరువాయి.

"ఒక పెద్దమ్మ కౌలుకు చేసుకుంటోంది బాబాయ్. వాగు అవతల పొలం. మొక్కజొన్న వేసింది. కంకులు పాలు పోసుకుంటున్నాయి. ఇప్పుడొచ్చి పొలం ఖాళీ చెయ్యమంటాడట ఆసామి."

పెద్దాయన గేరు మార్చి, చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

"జడ్జిగారి ముందు ఏం చెబుతావో చెప్పు, విందాం."

ఆమె గొంతు సవరించుకుంది. సెక్షన్ల మీద సెక్షన్లు వల్లించింది.

"గట్టిగా చెప్పు. సగం ఇంజనే మింగేస్తోంది."

గట్టిగా చెప్పింది. పొలాల్లో కలుపు తీస్తున్నవాళ్లు నడుములెత్తి చూశారు.

"సెక్షన్లు చెప్పేటప్పుడు ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతున్నావు. కంకుల సంగతి చెప్పావే, అది బాగుంది. దాంతోనే మొదలుపెట్టు."

"నిజమే బాబాయ్. అలాగే చేస్తా."

"పాపం, ఆ ఆసామికి ఏ అవసరమొచ్చిందో."

"రానీండి. కోత దాకా ఆగలేనంత అవసరమా? చంటిబిడ్డకి పాలిస్తున్న తల్లిని చెయ్యి పట్టుకు లాగినట్టు కాదూ? ఆ మనిషికి గుండె లేదు బాబాయ్."

చాలా దూరం పోయాక ఆయన తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"ఆగొచ్చులే."

కోర్టు గేటు ముందు ట్రాక్టరు ఆగింది. ఆమె దండం పెట్టబోతే, "పో పో, అవన్నీ తర్వాత" అని తరిమాడు.

కోటు ఒక చేతికి తొడుక్కుంటూనే మెట్లెక్కింది. గుమ్మంలో పెద్దమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడి ఉంది. లోపలికి అడుగు పెట్టారో లేదో, కేసు పిలిచారు.

ఆమె కంకులతోనే మొదలుపెట్టింది. పాలు పోసుకున్న పంట, దాని కాపలాకి పొలంలోనే పడుకునే మనిషి. ఆ తర్వాతే చట్టం. జడ్జి రాస్తున్న పెన్ను పక్కన పెట్టి విన్నాడు.

ఇక ఎదుటి లాయరు వంతు. ఆయన దగ్గితేనే అవతలి పక్షం బెదిరిపోతుందని పేరు. లేచాడు. వెనక బెంచీల వైపు తల తిప్పి ఒకసారి చూశాడు.

"కోత అయ్యేదాకా మాకు అభ్యంతరం లేదండి" అని కూర్చున్నాడు.

జడ్జి అదే రాసుకున్నాడు.

బయటికొచ్చిన గట్టు లాయరుకు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"చూశావా పెద్దమ్మా, మన వాదనకి అంతటి ఆయనకే మాట పడిపోయింది."

పెద్దమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. అంతలో గేటు దాటుతున్న ట్రాక్టరు కనబడింది.

"బాబాయ్, గెలిచాం" అని కేకేసింది.

ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఊపాడు. ట్రాక్టరు మలుపు తిరిగింది.

"ఎవరిని పిలుస్తున్నావమ్మా?"

"ఆయన్నే పెద్దమ్మా. నన్ను వేళకి తెచ్చి దించింది ఆయనే. ఎలా మాట్లాడాలో కూడా చెప్పాడు. ఆయన రాకపోతే నీ కేసు నీళ్లపాలయ్యేది. తొందరలో పేరైనా అడగలేదు."

పెద్దమ్మ కన్నీళ్లు తుడుచుకోవడం మరిచిపోయి ఆ మలుపు కేసే చూస్తూ నిలబడిపోయింది.

"మన ఆసామి ఆయనేనమ్మా."