ఒక్క నిమిషం మైకు

"ఒక్క నిమిషం మైకియ్యి పాస్టరయ్యా. అరుళప్ప అయ్యగారి ముచ్చట ఒకటి చెప్పి దిగుత."

ఎప్పుడూ చెప్పుల దగ్గర కూర్చునే జానయ్య తాత ఆ ఆదివారం స్టేజి మెట్టు దాకా వచ్చి నిలబడ్డాడు.

ఉపేంద్రకు చిరాకేసింది. చైతన్యపురిలో కోచింగ్ సెంటర్ పై అంతస్తులో నడిచే ఆ చిన్న మందిరానికి అతనే పాస్టరు. ఎప్పుడో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిన గొప్ప ప్రసంగీకుడు అరుళప్ప అయ్యగారు పుట్టి నూరేళ్లయిన సందర్భంగా ఆ రోజు కూడిక. కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. తాతకేమో గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి మాట కంటే గాలే ఎక్కువ వస్తుంది.

"మీ మాట నాకే వినపడట్లేదు తాతా. ఇంతమందికి ఏం వినపడుద్ది?"

"ఆ మీటింగులల్ల నేనున్న బిడ్డా."

"వేలమంది ఉన్నారండీ. అందరికీ మైకివ్వమంటారా? వచ్చే ఆదివారం చూద్దాం లెండి."

తాత నవ్వి, తలూపి, వెళ్లి అందరి చెప్పులు సర్దుతూ కూర్చున్నాడు.

ఉపేంద్రకు అయ్యగారంటే ప్రాణం. అసలు ఆ ప్రాణమే అయ్యగారు పెట్టిన భిక్ష అని చెప్పుకుంటాడు. పదేళ్ల కిందట భీమవరం నుంచి కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ వచ్చాడు. మూడోసారీ పరీక్ష తప్పాడు. మిట్టమధ్యాహ్నం హాస్టల్ డాబా అంచున నిలబడ్డాడు.

చెవిలో స్నేహితుడు పంపిన పాత క్యాసెట్ ఆడియో మోగుతోంది. ఎల్బీనగర్ మైదానంలో ఎనభైల్లో జరిగిన కూడిక అది. అయ్యగారు తమిళంలో ఒక ముక్క అంటే, పక్కనున్న మనిషి తెలుగులో చెబుతున్నాడు. ఆ తెలుగు మనిషి ఎవరని ఎవరూ అడగరు. నీళ్లు తాగేవాడు పైపు పేరు అడుగుతాడా?

ఒకచోట టేపు పాడైనట్టుంది, తమిళం వినపడలేదు. తెలుగు ఒక్కటే వినిపించింది.

"నువ్వు పనికిరావని నీకు నువ్వే తీర్పు రాసుకోకు. ఆ కలం నీ చేతికి ఎవరూ ఇవ్వలేదు."

ఉపేంద్ర ఏడుస్తూ వెనక్కి వచ్చేశాడు. పాస్టరయ్యాక ఆ మాట చెప్పని ఆదివారం ఇంతవరకూ లేదు.

వచ్చే ఆదివారం దాకా జానయ్య తాత ఆగలేదు. గురువారం పొద్దున మంచంలోనే పోయాడు.

ఎల్బీనగర్‌లో ఒంటిగది ఇల్లు. వాకిట్లో శవపెట్టె, పక్కన తాత భార్య అండాలమ్మ. చుట్టూ పట్టుమని పదిమంది లేరు.

ప్రార్థన చేసి, ఉపేంద్ర అలవాటుగా అన్నాడు. "అరుళప్ప అయ్యగారు చెప్పిన మాట ఒకటుంది. నీకు నువ్వే తీర్పు రాసుకోకు..."

అండాలమ్మ తలెత్తింది.

"గది అయ్యగారన్న మాట కాదు, పాస్టరయ్యా."

"ఆడియోలో ఉందమ్మా. టేపు పాడై తమిళం పోయిందంతే."

"టేపు మంచిగనే ఉన్నది. అయ్యగారే ఏం అనలే. గా దినమే ఆయన బిడ్డ సచ్చిపోయిందని కబురొచ్చింది. మైకు ముంగట నిలబడ్డడు గని నోట మాట రాలే. నేను ముందల్నే కూసున్న, చూసిన."

"మరి ఆ మాట?"

"జనం చూస్తున్నరు. పక్కన తెలుగు చెప్పేటాయన జరసేపు ఆగి, తన మనసుల మాట తనే చెప్పిండు. అయ్యగారి పేరు మీదనే ఉండనియ్యి అనేటోడు ఎన్నడడిగినా."

"ఎవరమ్మా ఆయన?"

అండాలమ్మ పెట్టె మీద జారిన పూలదండను సర్దింది.

ఉపేంద్ర అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు: డాబా అంచు నుంచి తనను వెనక్కి పిలిచిన గొంతు ఆ పెట్టెలో ఉంది, పోయిన ఆదివారం దానికే తను ఒక్క నిమిషం మైకు ఇవ్వనన్నాడు.