అట్ట లోపలి పేజీ

"హంతకుణ్ణి మార్చెయ్ అబ్బా," అన్నాడు చిత్తూరులో ప్రెస్సు నడిపే దొరస్వామి.

వెంకటముని ఉలిక్కిపడ్డాడు. అతని డిటెక్టివ్ నవలలో ఇక అచ్చు కావలసింది చివరి పదహారు పేజీలే. హత్య చేసిన జమీందారు దొరికిపోయేది వాటిలోనే.

"యుద్ధమొచ్చి కాగితం యాడా దొరికేట్టు లేదు. అట్ట లోపలి పక్క ఖాళీ ఉండాది, ఆడ ఒక్క పేజీ పడతాది. జమీందారును పట్టియ్యాలంటే సాక్షులు గావాల, రుజువులు గావాల. ఆయనింట్లో వంటోడయితే అవేం అక్కర్లేదు. చేతిలో కత్తి ఉండనే ఉండాది."

"సదివేవోళ్లు నమ్మరప్పా."

"వంటోడు చంపినాడంటే నమ్మరా? నువ్వు రాసి సూడు!"

వెంకటముని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఎక్కడా ఆగకుండా, ఒక్క కొట్టివేత లేకుండా రాసిచ్చాడు.

దొరస్వామి చదివి తొడ చరిచాడు. "అచ్చం కోర్టులో జరిగినట్టే ఉండాదే! ఇంత బాగా ఎట్ట రాసినావు?"

"నేను రాసిందేం లేదప్పా. మా నాయనకు ఉరిశిక్ష ఏసిన తీర్పు నోటికొచ్చు, అదే దించినా. ఆయన గూడా జమీందారింట్లో వంటోడే."

కలం మూత పెడుతూ అన్నాడు.

"అది గూడా ఒక్క పేజీనే."