నలభై రెండు పిట్టలు

"ఏడాది దాటింది కదరా! ఒక్క కార్డు ముక్కైనా వచ్చిందా? పెట్టు సంతకం," అంటూ తల్లి రెబ్కా కాగితం మీద పెన్ను టప్పున పెట్టింది.

రోషన్ పెన్ను ముట్టుకోలేదు. నెహ్రూ ప్లేస్‌లోని కంపెనీ మనిషి పదకొండింటికి వస్తానన్నాడు. సంతకం పెడితే కంప్యూటర్ సైన్సు ఆఖరి ఏడు అవగానే ఉద్యోగం. బదులుగా రోషన్ రాసిన ప్రోగ్రాం కంపెనీదైపోతుంది. ఇకమీదట దాన్ని ఎవరికీ ఊరికే ఇవ్వకూడదు, లోపల ఎలా రాశాడో చూపించకూడదు.

అక్కడే వచ్చింది తంటా. చెట్టు కనబడితే చాలు, తలెత్తి పిట్టల్ని వెతికే రకం వీడు. ఎక్కడ ఏ పిట్ట ఎన్ని కనిపించాయో రాసి దాచుకునే ప్రోగ్రాం ఒకటి తయారుచేసి, అడిగినవాడికీ అడగనివాడికీ ఫ్లాపీల్లో పంచాడు. ఓ కంప్యూటర్ పత్రికవాళ్లు దాన్ని సీడీలో వేసి దేశమంతా పంపారు. ప్రోగ్రాం మూసేటప్పుడు తెర మీద నాలుగు ముక్కలు కనిపిస్తాయి: "ఇది ఉచితం. కాపీ చేసుకోండి, మార్చుకోండి, నలుగురికీ పంచండి. నచ్చితే ఒక పోస్టుకార్డు రాయండి." కింద సాకేత్ కాలనీలోని తమ ఇంటి అడ్రసు. పేరు మాత్రం వేసుకోలేదు మహానుభావుడు. సొంత డప్పు కొట్టుకున్నట్టుంటుందట! ఇంటి నంబరైనా చేత్తో వేశాడా అంటే అదీ లేదు. లిస్టులో పిట్టలు నలభై రెండు, ఇంటి నంబరూ నలభై రెండే. ఆ ముచ్చటకి తెగ మురిసిపోయి, నంబరు కంప్యూటర్నే లెక్కపెట్టి వేసుకోమన్నాడు.

"నైట్ డ్యూటీలు చేసీ చేసీ నా కాళ్లు పడిపోతున్నాయి నాన్నా," అంది రెబ్కా, ఇంకా ఆస్పత్రి చీర కూడా మార్చుకోలేదు. "పంచావు, మంచిదే. ఎవరికైనా పనికొచ్చుంటే ఓ కార్డు రాయరూ?"

"ఒక్కటొచ్చినా చాలమ్మా, ఈ కాగితం చింపేసేవాణ్ణి." రోషన్ కాగితం దగ్గరకి లాక్కున్నాడు. పెన్ను అందుకున్నాడు.

బెల్లు మోగింది.

తలుపు తీస్తే పార్కు అవతలి వరసలో ఉండే రిటైర్డ్ సుబేదార్ లక్ష్మీపతి. భార్య పోయాక మూడేళ్లుగా ఎవరితోనూ మాట కలపని మనిషి. మెళ్లో పాత బైనాక్యులర్స్, చేతిలో మిలిటరీ సంచి.

"మీ అబ్బాయి కంప్యూటర్ చదువుతున్నాడని పోస్ట్‌మన్ చెప్పాడమ్మా. నాకో చిక్కొచ్చి పడింది."

"అయ్యో, కూర్చోండి అంకుల్," అంది రెబ్కా, ఆయన మాట్లాడినందుకే ఆశ్చర్యపోతూ.

ఆయన ఓ కార్డు తీసి కళ్లజోడు సవరించుకున్నాడు. "నాగపూర్ నుంచి ఒక టీచరమ్మ రాసింది. వాళ్ల చెరువులో కొంగలు వంద దాటాయట. ప్రోగ్రామేమో తొంభై తొమ్మిది దాటితే ఒప్పుకోవడం లేదట. ఏం జవాబు రాయను బాబూ?"

రోషన్ చేతిలోంచి పెన్ను జారిపోయింది. "అంకుల్, ఇది మీకెందుకొచ్చింది?"

"ఇదొక్కటేనా!" ఆయన సంచి బల్ల మీద బోర్లించాడు. కార్డులు కుప్పగా పడ్డాయి. కొల్లం, సిల్చార్, కర్నూలు, భుజ్... "మొదటిది రాగానే ఆ ప్రోగ్రాం చేసింది నేను కాదని రాద్దామనుకున్నా. కానీ నాకెవరైనా థాంక్స్ చెప్పి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదమ్మా. రాయబుద్ధి కాలేదు. ఉత్తరానికి జవాబివ్వకపోవడం మా పల్టన్‌లో తప్పు. అందుకని అందరికీ 'సంతోషం, ఈవేళ మా పార్కులో చిలకలు పదకొండు' అని రాస్తున్నా. రాయాలంటే చూడాలిగా! రోజూ పొద్దున్నే వెళ్లి చూస్తున్నా."

"మీ ఇంటి నంబరెంత అంకుల్?"

"నలభై ఒకటి."

రోషన్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. కంప్యూటర్ లెక్క ఒకటితో మొదలవదు, సున్నాతో మొదలవుతుంది. మొదటి పిట్ట సున్నా అయితే నలభై రెండో పిట్ట నలభై ఒకటి. ఆ ఆఖరి పిట్ట నంబరే ఏడాదిగా అడ్రసులో పడుతోంది. తన ఇంటి అడ్రసు తనెందుకు చదువుకుంటాడు!

రెబ్కా ఒక్కో కార్డూ చదువుతోంది. 'మంచం పట్టిన మా అబ్బాయి కిటికీలోంచి పిట్టల్ని లెక్కపెడుతున్నాడు, మీకు రుణపడి ఉంటాం' అన్న కార్డు దగ్గర ఆగిపోయింది. "ప్రభువా, నీకు స్తోత్రం," అని కళ్లు తుడుచుకుని, కంపెనీ కాగితం తనే మడిచి పక్కన పెట్టింది. "ఆ కంపెనీ ఆయనొస్తే టీ ఇచ్చి పంపిద్దాంలే."

రోషన్ తన తప్పంతా సుబేదారుకి విడమరిచి చెప్పాడు. కొంగల చిక్కు సాయంత్రానికల్లా సరిచేస్తానన్నాడు. "మీ మేలు మర్చిపోలేను అంకుల్. నా తరఫున అందరికీ జవాబిచ్చారు."

పెద్దాయన నవ్వబోయాడు. "అయితే ఇవన్నీ నీవే బాబూ. ఇన్నాళ్లూ నావే అనుకున్నా." ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, పార్కులోకి దిగి మెల్లగా నడిచాడు. తలెత్తి చెట్లవైపు కూడా చూడలేదు.

రోషన్ హుషారుగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "ముందు ఆ నంబరు దిద్దేస్తానమ్మా. ఒక్క నిమిషం పని."

రెబ్కా కిటికీ దగ్గరే నిలబడి ఉంది. "అది దిద్దకపోతే పిట్టల లెక్కేమైనా తప్పుతుందా?"

"లేదమ్మా, అడ్రసొక్కటే."

"అయితే దాని జోలికెళ్లకు," అంది రెబ్కా, బల్ల మీది కార్డులన్నీ ఏరి రోషన్ ఒళ్లో పోస్తూ. "పరిగెత్తి ఇవి ఆయనకిచ్చిరా. ఆదివారం చర్చి నుంచొస్తూ మనమే వెళ్లి చదువుకుందాం."