మాతృభాష: తెలుగు

"తెలుగు టీచరా? మా స్కూలుకా?"

రూతమ్మ బదిలీ ఉత్తర్వును తిప్పి తిప్పి చూసింది. రాయపూర్ పక్కనున్న బీర్‌గావ్‌లో ఒక ట్రస్టు నడిపే ఆ బడికి ఆమె ప్రిన్సిపాల్. ఎదురుగా నిలబడిన ఫణిశ్రీ బస్తర్ చివర కోంటాలోని బ్రాంచి నుంచి అప్పుడే బస్సు దిగి వచ్చింది. సామాను ఇంకా గేటు దగ్గరే ఉంది.

"మీ పిల్లల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళేనని హెడ్డాఫీసులో చెప్పారు మేడమ్."

"ఎవరమ్మా చెప్పింది? ఈ బళ్ళో నేను తెలుగులో మాట్లాడటం ఇదే మొదలు!"

రూతమ్మ కంప్యూటర్ ఆపరేటర్ హరీష్‌ని పిలిచి అడ్మిషన్ల జాబితా తెరిపించింది. సాహూ, నిషాద్, వర్మ, యాదవ్... చాలా పేర్ల పక్కన మాతృభాష గడిలో 'తెలుగు' అనే ఉంది.

"ఈ సాహూలు తెలుగువాళ్ళు ఎప్పుడయ్యారు హరీష్?"

అతను తెర మీదికి వంగి నుదురు రుద్దుకున్నాడు.

"గడ్‌బడ్ అయిపోయింది మేడమ్. ప్రతి ఫారంలో అదే మళ్ళీ మళ్ళీ కొట్టకుండా కొన్ని గడులకి డిఫాల్ట్ పెట్టుకుంటాం. ఊరు బీర్‌గావ్, జిల్లా రాయపూర్... వాటంతటవే పడిపోతాయి. మా మేనకోడల్ని చేర్చినప్పుడు తెలుగు అని కొట్టాను. అదీ డిఫాల్ట్ కింద సేవ్ అయిపోయినట్టుంది. ఆ తర్వాత అందరికీ అదే పడింది."

"చూసుకోవద్దా?" ఫణిశ్రీ విరుచుకుపడింది. "మీ పరధ్యానానికి నేను ఊరు వదిలి వచ్చాను. అక్కడ నా చోటు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఇప్పుడు నేనెక్కడికి పోవాలి?"

"మాఫ్ చెయ్యండి టీచర్," హరీష్ తల దించుకున్నాడు.

రూతమ్మకి ఏం చేయాలో తోచలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇతని ఉద్యోగం పోతుంది. రాయకపోతే ఈ అమ్మాయి ఎవరికి పాఠం చెప్పాలి?

"ముందు ఆ డిఫాల్ట్ తీసెయ్. గడి ఖాళీగా ఉంచు. పిల్లల్నే అడుగుదాం పద."

నాలుగో తరగతిలో చివరి బెంచీ నుంచి నవ్య అనే పిల్ల భయంభయంగా చెయ్యెత్తింది. "మా ఇంట్లో తెలుగే మేడమ్. మా అమ్మది పలాస." పక్క గదిలో ఇద్దరు అన్నదమ్ములు లేచారు. ఆపై గదిలో ఇంకొందరు. మధ్యాహ్నానికి వరండాలో పిల్లలు గుంపుగా నిలబడ్డారు.

రూతమ్మ మరింత అయోమయంలో పడింది. "వీళ్ళంతా ఇన్నాళ్ళూ ఎక్కడున్నారయ్యా?"

"అంతకుముందు డిఫాల్ట్ హిందీ మేడమ్," అన్నాడు హరీష్. "ఎవరూ మార్చలేదు."

రూతమ్మ నవ్య తల నిమిరింది. రోజూ ఆ పిల్లని "కైసీ హో బేటా" అని హిందీలో పలకరించేది తనే. గదిలోకి వెళ్ళి హెడ్డాఫీసుకి రాసింది: వివరాలు సరిచేశాం, తెలుగు టీచరు మాకు కావాలి. పొరపాటు ఎవరిదో రాయలేదు.

"అతని మీద కోపం పెట్టుకోకమ్మా. చెడులోనూ మంచే జరిగింది," అంది ఫణిశ్రీతో.

"చూద్దాం మేడమ్," అంది ఆమె ముభావంగా.

సాయంత్రం బడి వదిలాక ఫణిశ్రీ సామానుతో రోడ్డు మలుపులో నిలబడింది. హరీష్ బండి వచ్చి ఆమె ముందు ఆగింది.

"ఎక్కండి టీచర్."

ఆమె వెనక్కి తిరిగి బడి వైపు ఒకసారి చూసి, ఎక్కి కూర్చుంది.

పెళ్ళయిన రెండేళ్ళకి ఆ ఆలుమగలు ఒకే ఇంటికి బయల్దేరారు.