ఎత్తిన కాలు

గిర్రున తిరిగి లూకా విసిరిన కాలిని తవిటయ్య గాల్లోనే అందుకుని, అతణ్ణి మట్టిలో పడేశాడు. ఇది రెండోసారి.

"కలకత్తాలో రెండేళ్లుండి నేర్సుకున్నది ఈ కుప్పిగంతులేనేటిరా? దీనికి కరాటే అని పేరొకటి!"

లూకా మోచెయ్యి దులుపుకుంటూ లేచాడు. ఒకప్పుడు తవిటయ్య దగ్గరే సాము నేర్చినవాడు. ఇప్పుడు ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని వర్క్‌షాపు కుర్రాళ్లంతా తవిటయ్యను వదిలి అతని చుట్టూ చేరారు. అందుకే ఈ పందెం. మూడుసార్లలో ఒక్కసారి గురువును పడగొట్టినా తవిటయ్య సాము నేర్పే ఈ మైదానం లూకాది. లేకపోతే మళ్లీ అక్కడ అడుగు పెట్టకూడదు.

"ఇంకొక్కసారి, గురువుగోరూ."

"గురువనకు. నా దగ్గిర నేర్సినోడు కాళ్లు గాల్లో పెట్టడు."

లూకా మళ్లీ గిర్రున తిరిగాడు. కాలు లేచింది. తవిటయ్య చూపూ చేతులూ దానితోపాటే లేచాయి. కానీ ఆ కాలు తన్నలేదు. సగంలోనే నేలకు దిగింది. అడ్డులేని డొక్కలో లూకా పిడికిలి గట్టిగా తగిలింది. తవిటయ్య కూలబడ్డాడు.

ఊపిరి అందాక, "ఆ గుద్దు నాది" అన్నాడు.

"మీదే. మీరే నేర్పినారు. కాలు సూపించకపోతే తగలనిచ్చేవోరా?"

రెండుసార్లు ఆ కాలు పట్టుకుని మురిసిపోయినందుకే, మూడోసారి చేతులు వాటంతటవే పైకి లేచాయని తవిటయ్యకు అర్థమైంది.

లూకా చాచిన చేతిని తోసేసి, తనే లేచి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి చూడకుండానే అన్నాడు:

"కాలు ఇంకాస్త ఎత్తరా. రేపు నాకంటే పొడుగోడొస్తే ఆడి సూపు లేవదు."